ఆదోని కాటా ఫైళ్లు, విన్‌ఎస్‌సీపీ స్క్రిప్టు: వాడాక నా అభిప్రాయం

ఆదోనిలోని మా పత్తి మిల్లులో తూచిన బండ్ల కాటా లెక్కలు రాత్రికి హోస్టింగ్ సర్వరులో ఫైళ్లుగా చేరుతాయి. తెల్లవారేసరికి వాటిని కర్నూలు ఆఫీసు కంప్యూటరుకు తెచ్చే పనిని ఈ సీజనంతా విన్‌ఎస్‌సీపీకే (సర్వరుకూ విండోస్ కంప్యూటరుకూ మధ్య ఫైళ్లు చేరవేసే ప్రోగ్రాం) అప్పగించాం. 2000లో మొదలైన ఈ ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును చాలామంది మౌస్‌తో ఫైళ్లు లాగడానికే వాడుతుంటారు గాని, దాని అసలు సత్తా స్క్రిప్టులోనే, అంటే దానంతటదే నడిచేలా ఆదేశాలను వరుసగా రాసిపెట్టే ఫైలులోనే ఉంది.

లాగిన్ వివరాలు నింపి, ఒకసారి సర్వరుకు కనెక్ట్ అయ్యాక 'జనరేట్ సెషన్ యూఆర్‌ఎల్' ఎంచుకుంటే, సర్వరుకు కలిపే ఓపెన్ ఆదేశం హోస్ట్ కీ వేలిముద్రతో (సర్వరును గుర్తుపట్టే అక్షరాల వరుస) సహా తయారై వస్తుంది. దానికింద ఫైళ్లు తెచ్చే గెట్ ఆదేశం రాసుకుని, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో వేళ పెడితే చాలు. ఆ వేలిముద్రను మాత్రం సర్వరు నిర్వాహకుడికి ఫోన్ చేసి, అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. అవతల ఉన్నది మన సర్వరేనా అని ప్రోగ్రాం తేల్చుకునేది దానితోనే. తేడా వస్తే ఒక్క ఫైలూ తేకుండా ఆగిపోతుంది. హోస్ట్ కీ స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే అడ్డంకి ఉండదని ఎవరైనా చెబితే దయచేసి వినకండి, అప్పుడది ఏ సర్వరునైనా నమ్మేస్తుంది. రైతుకు చెల్లించే ప్రతి రూపాయీ ఈ తూకాల మీదే లెక్కకడతాం.

నాకు బాగా నచ్చింది నెట్ తెగినప్పుడు ఇది నడుచుకునే తీరు. పెద్ద ఫైలు పూర్తిగా దిగేవరకు పేరు చివర 'ఫైల్‌పార్ట్' అనే తోక ఉంటుంది కాబట్టి సగం దిగిన లెక్కను పూర్తి లెక్కనుకునే ప్రమాదం లేదు. లైను తిరిగి రాగానే ఆగినచోటు నుంచే అందుకుంటుంది. ఎంతసేపు ప్రయత్నించాలో మనం మార్చకపోతే 120 సెకన్లు చూస్తుంది. పని సవ్యంగా ముగిస్తే సున్నా, ఎక్కడైనా తప్పితే ఒకటి ఫలితంగా ఇస్తుంది. ఆ అంకెను చూసి హెచ్చరిక పంపే ఏర్పాటు లేకపోతే ఆటోమేషన్ సగమే అయినట్టు.

లోపాలూ ఉన్నాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీని (సర్వరులోకి లాగిన్ కావడానికి వాడే రహస్య ఫైలు) విన్‌ఎస్‌సీపీ చదివే పీపీకే రూపంలోకి మార్చుకోవడం కొత్తవారికి చికాకే. మనిషి లేకుండా నడవాలంటే కీకి పాస్‌ఫ్రేజ్ (దాన్ని తెరిచే రహస్య పదాలు) తీసేయాలి, లేదా స్క్రిప్టులోనే రాయాలి. ఏది చేసినా ఆ ఫైళ్లను టాస్క్ నడిపే విండోస్ ఖాతా తప్ప ఇంకెవరూ తెరవలేకుండా కట్టుదిట్టం చేయాలి. తెచ్చాక సర్వరులోని అసలు ఫైలును చెరిపేసే 'డిలీట్' ఎంపిక కూడా ఉంది గాని, మా ఆఫీసులో దాన్ని వాడనివ్వను. లినక్స్ కంప్యూటర్లున్న ఆఫీసులకు ఇది అక్కర్లేదు, ఫైళ్లు చేరవేసే అక్కడి ఎస్‌ఎఫ్‌టీపీ ఆదేశమే సరిపోతుంది. విండోస్ మీద నడిచే చిన్న ఆఫీసులకైతే నిస్సందేహంగా సిఫారసు చేస్తాను.