గంటస్తంభం దగ్గరి షేర్ల ఆఫీసు: ఫారాలకు వెళ్లండి, సలహాకి వద్దు

విజయనగరం గంటస్తంభం దగ్గర మేడ మీదున్న సబ్‌బ్రోకర్ ఆఫీసు సంగతి ఇది. ఐపీఓ (కంపెనీ తొలిసారి జనానికి షేర్లమ్మే ఇష్యూ) ఫారం నింపడంలో వీళ్లకు వంక పెట్టలేం. పాన్, బ్యాంకు ఖాతా, డీమ్యాట్ (షేర్లుండే ఖాతా)లలో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూస్తారు. ఇంట్లో ఇంకొకరి యూపీఐ ఐడీ ఇస్తే తీసుకోరు, దరఖాస్తు కొట్టేస్తారని తెలుసు గనక. కటాఫ్ గడిలో, అంటే చివరికి తేలే ధరకే కొంటానని ఒప్పుకునే గడిలో, టిక్ మరవరు.

చిక్కంతా సలహాలోనే. గోడ మీది తెల్లబోర్డుపై ఎర్ర మార్కరుతో గ్రే మార్కెట్ ప్రీమియం, అంటే లిస్టింగ్‌కి ముందే అనధికారంగా పలికే అదనపు ధర, రాస్తారు. పొద్దుట రాసింది మధ్యాహ్నానికి చెరిపి మళ్లీ రాస్తారు. ఆ అంకెకీ ఎక్స్ఛేంజీకీ ఏ సంబంధమూ లేదు. ఆన్‌లైన్ కంపెనీ ఇష్యూ వస్తే చెప్పేది ఒకటే మాట: "యాప్ అందరి ఫోన్లోనూ ఉంది కదండీ, ఎక్కడికి పోతాది!"

పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు కూడా ఫోన్లో కొంటున్న రోజులే ఇవి. కానీ అమ్మకం పెరగడం వేరు, డబ్బు మిగలడం వేరు. డెలివరీ, డిస్కౌంటు, వాపసు ఖర్చులు పోను ఆర్డరుకి ఎంత మిగులుతోందో ప్రాస్పెక్టస్‌లో (ఇష్యూకి ముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) వెతకాలి. వచ్చే డబ్బు కంపెనీకా, పాత వాటాదారులకా అన్నదీ అందులోనే ఉంటుంది. 2021లో పేటీఎం 18,300 కోట్ల ఇష్యూలో 10,000 కోట్లు పాతవాళ్లకే వెళ్లాయి. 2,150కి ఇచ్చిన షేరు తొలిరోజే 27 శాతం పడింది. జొమాటోలో 9,375 కోట్లకి 9,000 కోట్లు కంపెనీకే వచ్చాయి. అయినా 76కి ఇచ్చిన షేరు, పాత వాటాదారుల లాకిన్ (అమ్మకూడని గడువు) తీరిన 2022 జూలైలో 50 కిందికి జారింది. 2024లో 250 దాటింది. లిస్టింగ్ రోజు లాభం కోసమే కొన్నవాళ్లకి ఆ పడిపోయిన కాలాన్ని భరించడం కష్టం, ఆ మాట ఈ ఆఫీసులో ఎవరూ చెప్పరు.

రిటైల్ కోటా (చిన్న మదుపరుల వాటా) బాగా నిండితే లాటరీయే, దొరికితే ఒక్క లాటే (ఇష్యూలో కనీసంగా కొనాల్సిన షేర్ల కట్ట). పదమూడు లాట్లకు డబ్బు బ్లాక్ చేయించుకుని ప్రయోజనం లేదు.

షేర్లు కొని ఖాతాలో ఉంచుకుంటే (డెలివరీ) ఈ ఆఫీసు కమీషను అర శాతం. 50,000కి కొంటే 250, జీఎస్టీ 45. అమ్మినప్పుడు మళ్లీ అంతే. కొనడం, అమ్మడం ఫోన్లో చేసుకోగలిగితే ఇది దండగ ఖర్చు.

ఇష్యూ ఆఖరి రోజు వరకు ఆగకండి. ఆరోజు సాయంత్రం 5 లోపు మ్యాండేట్ (డబ్బు బ్లాక్ చేయడానికి యూపీఐలో వచ్చే అభ్యర్థన) ఒప్పుకోకపోతే దరఖాస్తు పోయినట్టే, మధ్యాహ్నం దాటాక మెసేజీలు ఆలస్యంగా వస్తుంటాయి.