డాబా మీద గది వేయిస్తున్నారా? పఫ్ ప్యానెల్ పేరుతో థర్మోకోల్ అంటగడుతున్నారు, జాగ్రత్త

హైదరాబాద్‌లో ఇంటి మీద ఇంకో గది పెంచుకుందాం, స్లాబ్ బదులు షీట్లతో తేలిగ్గా కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు పని మొదలుపెట్టే ముందు ఇది చదవండి.

మా నాన్నగారి కోసం డాబా మీద గది వేయించాం. కొటేషన్‌లో కాంట్రాక్టర్ రాసిచ్చింది 50 ఎం.ఎం. పఫ్ ప్యానెల్ (రెండు రేకు షీట్ల మధ్య పాలీయురేథేన్ ఫోమ్ నింపిన పలక) కప్పు. ఎండాకాలం ఏసీ అక్కర్లేదు, చలికాలం రగ్గు అక్కర్లేదు అని అరచేతిలో వైకుంఠం చూపించాడు. దసరాకి గది చేతికొచ్చింది. లోపల పీవీసీ సీలింగ్, ఎల్ఈడీ లైట్లు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

డిసెంబరులో అసలు సంగతి తెలిసింది. ఊరి మధ్యలో ఉండేవాళ్లకి అంతగా తెలియదు గానీ, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి చోట్ల చలికాలం రాత్రి 10 డిగ్రీల కంటే కిందికి పడిపోయే రోజులుంటాయి. మాదీ శివారే. కింద గదుల్లో మేం ఫ్యాన్ ఆపేస్తే సరిపోయేది. పైన నాన్నగారు మంకీ క్యాప్, స్వెటర్ వేసుకుని రెండు రగ్గుల కింద ముడుచుకున్నారు. హీటర్ ఆపిన కాసేపటికే గది మళ్లీ చల్లబడేది. 2000 వాట్ల హీటర్ గంటకి 2 యూనిట్లు లాగుతుంది, రాత్రంతా ఎక్కడ వేస్తాం? (చలి ఆగడం లేదని మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. దాన్నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి.)

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే, "కొత్త గోడలు కదా అన్నా, తడి ఆరేదాకా గట్లనే ఉంటది" అన్నాడు. అందులో కొంత నిజం ఉందని సంక్రాంతి దాకా ఆగాం. ఆ తర్వాత పైన తెల్ల కూల్ పెయింట్ వేయిస్తే సరిపోతుందట, దానికి డబ్బు వేరేనట! ఇది మాత్రం చెవిలో పువ్వు పెట్టడమే. తెల్ల పూత ఎండని వెనక్కి కొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఎండ వేడి తగ్గించడానికే. రాత్రిపూట గదిలో వెచ్చదనం బయటికి పోకుండా ఆపాల్సింది పెయింట్ కాదు, షీట్ల మధ్య ఉండే ఫోమ్.

ఆ ఫోమ్ ఏంటో అనుకోకుండా బయటపడింది. లైటు ఒకటి పాడైతే ఎలక్ట్రీషియన్ సీలింగ్ ముక్క విప్పాడు. తెల్లటి పూసలు జలజలా రాలి అతని చొక్కాకి అంటుకున్నాయి. టార్చ్ వేసి చూస్తే గోడ దగ్గర షీటు కోసిన అంచు కనిపించింది. టేపు పెట్టి కొలిస్తే 30 ఎం.ఎం.! అంచు నుంచి చిన్న ముక్క గిల్లి, ఆరుబయటికి తెచ్చి రెండు చుక్కల పెట్రోల్ వేశాం. చూస్తుండగానే కరిగి బంకలా అయింది. పఫ్ అలా కరగదు. లేత పసుపు రంగులో ఉంటుంది, గీరితే పూసలు కాదు, సన్నటి పొడి రాలుతుంది.

థర్మోకోల్ అసలు పనికిరాదని కాదు. కానీ అదే మందంలో పఫ్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వేడిని పోనిస్తుంది. పైగా 50 బదులు 30 వేస్తే, మనం డబ్బు కట్టిన దాంట్లో సగం కూడా పని జరగదు. అది చాలదన్నట్టు గోడ, షీటు కలిసేచోట సందులు అలాగే వదిలేసి సీలింగ్‌తో కప్పేశారు. అగరొత్తి వెలిగించి పెడితే పొగంతా ఆ సందుల్లోకే పోతోంది.

కాబట్టి షీట్లు దిగిన రోజే, పైకి ఎక్కించకముందే కోసిన అంచు చూడండి, టేపుతో కొలవండి. మందం, లోపలి ఫోమ్ రకం, దాని సాంద్రత (పఫ్‌కి మామూలుగా ఘనపు మీటరుకి 40 కిలోలు) బిల్లులో రాయించండి. మాట మీద వదిలేస్తే తర్వాత అడిగే దిక్కుండదు. సందులు మూసి ఫోటోలు తీసుకున్నాకే సీలింగ్ వేయనివ్వండి. ఎవరైనా ఇప్పటికే ఇందులో ఇరుక్కుని ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కొటేషన్ కాగితం మాత్రం పారేయకండి.

మా కాంట్రాక్టర్ ప్రస్తుతానికి మొహం చాటేశాడు. ఆఖరి విడత డబ్బు ఇంకా మా దగ్గరే ఉంది. షీట్లు మార్చాకే ఇస్తామని, కొలిచిన ఫోటోలతో సహా వాట్సాప్‌లో పెట్టాం. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.