పాత లాప్‌టాప్‌కి కొత్త వైఫై కార్డు: రెండున్నరేళ్లు వాడాక

మాది శ్రీకాకుళం. లాప్‌టాప్ 2017లో కొన్నది, ఏడో తరం ఐ5. పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేశాక మిషన్ పరిగెత్తింది గానీ నెట్ మాత్రం నత్తనడకే. ఇంటికి వంద ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. ఫోన్‌లో 90 చూపించే చోటే లాప్‌టాప్‌లో 30 దాటేది కాదు. వైఫై సిగ్నల్ నడిచే బ్యాండ్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని ఉంటే, లోపలున్న వైఫై కార్డు 2.4 ఒక్కటే పట్టేది. మా వీధిలో ఇంటికో రూటరు, అన్నీ ఆ బ్యాండ్ మీదే. రాత్రి ఏడు దాటితే పది కూడా గగనమే.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర రిపేరు షాపులో అడిగితే, "దీనికి డబ్బులెట్టడమేటి సార్, కొత్తది తీసేసుకోండి" అన్నాడు కుర్రాడు. సరేలే అని నేనే ఆన్‌లైన్‌లో ఇంటెల్ కార్డు తెప్పించి, పప్పులో కాలేశాను. ఏఎక్స్ 200, ఏఎక్స్ 201 అని రెండున్నాయి. 201 పెద్ద నంబరు కదా, అదే మంచిదనుకున్నాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ పడింది, ఆన్ చేస్తే అసలు కార్డే లేనట్టు! 201 సగం పని చిప్‌సెట్‌కి, అంటే మదర్‌బోర్డు మీదుండే ఇంకో చిప్‌కి, వదిలేస్తుంది. అలా చేసిపెట్టే చిప్‌సెట్ నా మిషన్‌లో లేదు. పాతవాటికి 200 తీసుకోవాలి. వాపసు పంపి, అది వచ్చేదాకా పది రోజులు ఆగాను. కొన్ని పాత మోడళ్లలో బయోసే (ఆన్ చేయగానే మిషన్‌ని లేపే ప్రోగ్రామ్) వేరే కార్డుల్ని ఒప్పుకోదు, అది కూడా ముందే చూసుకోండి.

బిగించడంలో కష్టమంతా యాంటెన్నా తీగల దగ్గరే. చొక్కా టిచ్ బటన్‌ని ఆవగింజంత చేస్తే ఎలా ఉంటుందో వాటి తలలు అలా ఉంటాయి. నిటారుగా నొక్కితే టిక్కుమంటాయి, వంకరగా నొక్కితే వంగిపోతాయి. తెల్లతీగ వెంటనే పడింది, నల్లతీగకి నాలుగుసార్లు చెమటలు పట్టాయి. బ్యాటరీ కనెక్టర్ తీశాకే చెయ్యి పెట్టండి.

ఆ రోజు నుంచి 5 గిగాహెర్ట్జ్ మీద స్పీడ్ 92, 94 వస్తోంది, రాత్రైనా అంతే. నాకు ఇంకా నచ్చింది ఇదే కార్డులోని బ్లూటూత్. ఇంతకుముందు డౌన్‌లోడ్ పెడితే హెడ్‌సెట్‌లో పాట తెగేది, రెండూ 2.4 మీదే కొట్టుకునేవి కాబట్టి. ఇప్పుడా గొడవ లేదు. కార్డు వైఫై 6 తరందే గానీ నా రూటరు అంతకుముందు తరం, వైఫై 5ది, కాబట్టి ఆ 'ఆరు' ప్రస్తుతానికి డాబుకే.

లోపాలూ ఉన్నాయి. మేడ మీద గదిలో, స్లాబు అడ్డం వచ్చేసరికి 5 గిగాహెర్ట్జ్ నీరసపడుతుంది. అక్కడ మళ్లీ 2.4కే దిగాలి. మొదటి నెలల్లో స్లీప్ నుంచి లేపితే వైఫై మాయమయ్యేది. విండోస్ డివైస్ మేనేజర్‌లో, కరెంటు ఆదాకి కార్డుని ఆపేసే పవర్ మేనేజ్‌మెంట్ టిక్ తీసేశాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

పోయినేడాది ప్లాన్ 200కి పెంచాను. అయినా 94 దగ్గరే ఆగింది. కార్డునే అనుమానించి డ్రైవర్లు రెండుసార్లు మార్చాను. తీరా చూస్తే ఫైబర్ డబ్బా నుంచి తీగ వచ్చి దూరే రూటరు పోర్టే వంద ఎంబీపీఎస్‌ది.