గానుగ నూనె అంగడికి గూగుల్ సైట్స్ సరిపోతుందా?

అనంతపురం పాతూరులో కొత్తగా గానుగ చెనిక్కాయ నూనె అంగడి పెట్టినవాళ్లకు వెబ్‌సైట్‌లో కావాల్సింది నాలుగే: లీటరు ధర, డబ్బా ఫోటో, దారి, వాట్సాప్ నంబరు. ఇంతవరకైతే కోడింగ్ రాకున్నా వెబ్ పేజీలు చేసుకునే గూగుల్ సైట్స్ చాలు. జీమెయిల్ ఉంటే ఉచితం, హోస్టింగ్ (సైటును ఇంటర్నెట్‌లో ఉంచే చోటు) ఖర్చు లేదు, ఒక పూటలో పేజీ తయారు.

చిక్కంతా సొంత డొమైన్ (అంగడి పేరుతో వెబ్ చిరునామా) తగిలించేటప్పుడే. దాన్ని వేరేచోట కొని ఏటా రెన్యువల్ కట్టుకోవాలి. డీఎన్ఎస్ (పేరు కొడితే ఏ సైటుకు పోవాలో చెప్పే పట్టిక) సెట్టింగుల్లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుతో సీనేమ్ రికార్డు (ఒక పేరును ఇంకో పేరుకు చూపించే వరుస) పెట్టి, జీహెచ్ఎస్ డాట్ గూగుల్‌హోస్టెడ్ డాట్ కామ్‌కు చూపించాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అప్పుడు ఆ మూడు డబ్ల్యూలు లేకుండా పేరు కొట్టినవాళ్లకు సైటు తెరుచుకోకపోవచ్చు. వట్టి డొమైన్‌కు మామూలుగా సీనేమ్ పెట్టడానికి వీల్లేదు గనుక, రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మినవాళ్లు) దగ్గర దాన్ని మూడు డబ్ల్యూల పేరుకు మళ్లించే ఫార్వర్డింగ్ ఆన్ చేయాలి.

ధరల పట్టీని గూగుల్ డ్రైవ్ నుంచి పెడితే దాని షేరింగ్‌ను 'లింకు ఉన్న ఎవరైనా' అని మార్చాలి. లేదంటే ఓనరు ఫోన్‌లో చక్కగా కనిపిస్తుంది, కొనేవాళ్లకే కనిపించదు. పేజీలోనే రాసిన ధర మార్చాక మళ్లీ పబ్లిష్ నొక్కకపోతే పాత రేటే ఉంటుంది. అంగట్లో గొడవ అక్కడే మొదలు! వాట్సాప్ లింకులో 91 తర్వాత నేరుగా 10 అంకెలు రాయాలి. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీ పెట్టకూడదు.

కార్టు, పేమెంటు, స్టాకు లెక్క ఇందులో లేవు. జిల్లా దాటి పార్సిళ్లు పంపాలనుకుంటే, హోస్టింగుకు ఏటా కట్టాల్సి వచ్చినా వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో అమ్మకాలకు పనికొచ్చే వూకామర్స్ ప్లగిన్ పెట్టుకోవడమే నయం.