చిన్న ఫోనా, పెద్ద ఫోనా? అంగుళాలు చూసి మోసపోకండి

ఫోన్ కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది స్క్రీన్ ఎన్ని అంగుళాలనే. అది మూల నుంచి మూలకి కొలిచిన అంకె, చేతికి తెలిసేది వెడల్పూ బరువూ. 2011లో వచ్చిన గెలాక్సీ నోట్ 5.3 అంగుళాలు, అప్పట్లో అదేం ఫోన్ రా బాబూ అని నవ్వారు. 2020లో వచ్చిన ఐఫోన్ 12 మినీ 5.4 అంగుళాలు, దాన్నేమో మరీ చిన్నదన్నారు! నోట్ వెడల్పు దాదాపు 83 మిల్లీమీటర్లు, మినీది 64. అదీ తేడా.

2025లో వచ్చిన గెలాక్సీ ఎస్25 వెడల్పు 70.5 మిల్లీమీటర్లు, బరువు 162 గ్రాములు. ఎస్25 అల్ట్రా 77.6, 218 గ్రాములు. ఏడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, ఒంటిచేత్తో టైప్ చేస్తూ అవతలి అంచున ఉన్న అక్షరం బొటనవేలికి అందక ఫోన్‌ని అరచేతిలో కాస్త పక్కకి జరిపి, కింద చిటికెనవేలు ఆనిస్తాం చూడండి, సరిగ్గా అప్పుడే జారి కిందపడుతుంది. ఐఫోన్‌లో రీచబిలిటీ ఉందిగా అంటారు. పైనున్నవి కిందికి దిగుతాయి సరే, అడ్డంగా ఉన్న దూరం అలాగే ఉంటుందిగా.

పెద్దదాని బలం బ్యాటరీ. ఎస్25లో 4000 ఎంఏహెచ్, అల్ట్రాలో 5000. పెద్ద స్క్రీన్ ఎక్కువే తాగుతుంది, అయినా భారీ వాడకానికి సాయంత్రం దాకా టెన్షన్ లేకుండా లాక్కొచ్చేది సాధారణంగా పెద్దదే. చూపు మందగించినవాళ్లకైతే అసలు చర్చే అక్కర్లేదు. చిన్న ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని కీబోర్డ్ తెరిస్తే, అవతలివాళ్లు పంపిన మెసేజ్‌లో నాలుగు లైన్లు కూడా కనబడవు. వీడియోల సంగతి మాత్రం అనుకున్నంత లేదు, ఇప్పటి ఫోన్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి మామూలు వీడియో పెడితే రెండు పక్కలా నల్లపట్టీలే.

చిన్న ఫోన్ కావాలని అరిచేవాళ్లకి ఆన్‌లైన్‌లో కొదవ లేదు, కొనేవాళ్లే లేరు. ఐఫోన్ 13 మినీ తర్వాత ఆపిల్ ఆ సైజే మానేసి 2022లో 6.7 అంగుళాల 14 ప్లస్ తెచ్చింది. జెన్‌ఫోన్ 9, 10 ఫోన్లని 5.9 అంగుళాల్లోనే తెచ్చిన ఆసుస్ కూడా 2024లో 6.78కి వెళ్లిపోయింది.

ల్యాప్‌టాప్ గానీ ట్యాబ్ గానీ ఉన్నవాళ్లు వెడల్పులో 72 మిల్లీమీటర్లు దాటకండి, నేనైతే దాటను. చదువూ ఆఫీసు ఫైళ్లూ సినిమాలూ అన్నీ ఫోన్‌లోనే అయితే పెద్దదే తీసుకోండి, కాకపోతే 200 గ్రాముల లోపు దొరుకుతుందేమో ముందు చూడండి.