ఒలింపిక్ తీరంలో గుడారం ఎక్కడ వేసుకోవాలి?

వేసవి వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల మన వాళ్ళ ఇళ్ళలో ఒలింపిక్ నేషనల్ పార్కు మాటే. సముద్రం, వానల అడవి, మంచుకొండలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఫొటోలకు ఏ మూలైనా బాగుంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, పిల్లలను వెంటపెట్టుకుని గుడారంలో పడుకోవాలంటే మాత్రం లెక్కలు మారిపోతాయి.

అందరూ ముందు వెతికేది క్లేలాక్. సముద్రం ఒడ్డున గట్టు మీది క్యాంప్‌గ్రౌండ్ అది. వేసవి తేదీలకు ఆరు నెలల ముందే బుకింగ్ మొదలవుతుంది, చూస్తుండగానే నిండిపోతుంది. అంత కష్టపడ్డా సముద్రం కనిపించే చోటు కొందరికే దక్కుతుంది. మాకు 101 రహదారి వైపు చెట్ల మధ్య దొరికింది. అలల హోరు విందామని చెవులు రిక్కిస్తే దుంగల లారీలు వినిపించాయి. మరుగుదొడ్లు ఉన్నాయి కానీ స్నానానికి ఏర్పాటు లేదు. పొద్దున్నే స్నానం చేయనిదే కాఫీ ముట్టని నాన్నకు అది పెద్ద శిక్షే. బీచి అందంగా ఉంటుంది, కానీ ఆగస్టులోనూ నీళ్ళు ఒళ్ళు జివ్వుమనిపిస్తాయి. ఒడ్డున పడివున్న మహావృక్షాల దుంగలపైకి పోటు వేళ పిల్లలను ఎక్కనివ్వకండి. ఒక్క అల వాటిని దొర్లించేస్తుంది, అలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

పార్కులోని వానల అడవి 'హో'కి వెళ్ళి తీరాలి. ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన, అంటే మన గోదావరి జిల్లాల్లో కురిసేదానికి దాదాపు మూడు రెట్లు. 'హాల్ ఆఫ్ మాసెస్' బాట మైలు కూడా లేదు, అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే మెల్లగా తిరిగింది. ఒకచోట కూలిన స్ప్రూస్ మాను మీద వేలెడంత హెమ్లాక్ మొక్కలు వరుసగా మొలిచాయి. కాస్త అవతల అలాగే పుట్టి ఎదిగిన చెట్లు. కింది మాను ఎప్పుడో కుళ్ళిపోవడంతో వాటి వేళ్ళ కింద సొరంగంలా ఖాళీ మిగిలింది. మా చిన్నది అందులోకి తొంగిచూసి ఓ పట్టాన కదలలేదు. వేసవిలో పొద్దున ఎనిమిది దాటితే గేటు దగ్గర కార్ల బారు పెరిగిపోతుంది, ముందే చేరుకోండి. రాత్రి బసకు మాత్రం నేను ఓటు వేయను, ఆ తేమకు దుప్పట్లు కూడా చెమ్మగిల్లుతాయి.

నా మార్కులు పోర్ట్ ఏంజెలెస్‌కు పడమరన ఉన్న సాల్ట్ క్రీక్‌కు. ఇది కౌంటీ (మన జిల్లా లాంటిది) నడిపే పార్కు, పేరు పెద్దగా వినపడదు. నాణేలు వేస్తే వేడినీళ్ళు వచ్చే స్నానాల గదులున్నాయి, నాన్న ముఖం అక్కడే వికసించింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల కోసం కట్టిన కాంక్రీటు బంకర్లలో పిల్లలు సాయంత్రమంతా గడిపారు. ఆటు సమయం చూసుకుని టంగ్ పాయింట్ రాళ్ళ మీదికి దిగితే గుంటల్లో పువ్వుల్లా కనిపించే ఆకుపచ్చ ఎనిమోనీ జీవులు, ఊదారంగు నక్షత్ర చేపలు కనిపిస్తాయి. చూడటమే, తీసుకురాకూడదు. రాళ్ళు జారతాయి, చెప్పులు పనికిరావు.

ఎక్కడ దిగినా తిండి పదార్థాలు, టూత్‌పేస్టుతో సహా, రాత్రి కారులో పెట్టి తాళం వేయాలి. తీరంలో ఎలుగుల కన్నా రకూన్‌ల (పిల్లి కన్నా కాస్త పెద్ద, తిండి ఎత్తుకుపోయే జంతువులు) బెడదే ఎక్కువ, ఆవకాయ సీసానూ వదలవు. సాల్ట్ క్రీక్‌లో చోటు నేషనల్ పార్కు బుకింగ్ సైటులో కనిపించదు, కౌంటీ వాళ్ళ సైటులో విడిగా చూసుకోవాలి.