కుక్క పెంచేవాళ్లకు హెచ్చరిక: పీనట్ బటర్ సీసా వెనక్కి తిప్పి చదవకుండా పెట్టొద్దు

ఆన్‌లైన్‌లో పీనట్ బటర్ కొని, కుక్కకు కూడా ఓ చెంచా పెట్టే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. "షుగర్ ఫ్రీ", "నేచురల్" అని రాసి ఉన్న కొన్ని పీనట్ బటర్లలో జైలిటాల్ అనే స్వీట్‌నర్ ఉంటుంది. మామూలు మోతాదులో మనకు అది విషం కాదు. కుక్క తింటే ప్రాణం మీదికి వస్తుంది. మా బ్రూనోకి అదే జరిగింది.

కొనేముందు ఆ ప్రొడక్ట్ పేజీలో అడిగాను, కుక్కకు పెట్టొచ్చా అని. "పూర్తిగా నేచురల్, నిశ్చింతగా పెట్టండి" అని సెల్లరే జవాబిచ్చాడు. పేజీలో ఉన్న ఫొటోలన్నీ సీసా ముందు వైపువే. పదార్థాల జాబితా ఉన్న వైపు ఫొటో ఒక్కటి కూడా పెట్టలేదు. తీరా సీసా చేతికొచ్చాక చూస్తే ఆ జాబితాలో వేరుశనగ తర్వాత రెండో పేరు "బిర్చ్ షుగర్". ఏదో చెట్టు నుంచి తీసిన మంచి చక్కెర అనే అనుకుంటాం ఎవరమైనా. జైలిటాల్‌కి అది ఇంకో పేరు. మామూలుగా జాబితాలో ఎక్కువ బరువున్న పదార్థం ముందు రాస్తారు కాబట్టి, రెండో స్థానంలో ఉందంటే అందులో గట్టిగానే కలిపారన్నమాట.

బ్రూనో పది కిలోలుంటాడు. ఒక చెంచా నాకాడు, అంతే. అరగంట కూడా కాకముందే వాంతి చేసుకున్నాడు. తర్వాత నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లబోతుంటే వెనక కాళ్లు రెండూ పక్కకి జారిపోయాయి. లేచి రెండడుగులు వేసి మళ్లీ కూలబడ్డాడు. పిలిస్తే తల తిప్పుతున్నాడు కానీ చూపు నిలవడం లేదు. వెట్‌కి (పశువుల డాక్టర్‌కి) ఫోన్ చేస్తే ఆవిడ ముందు అడిగింది, సీసా మీద ఏం రాసుందో చదవమని. బిర్చ్ షుగర్ అనగానే వెంటనే బయల్దేరమన్నారు. స్పృహలోనే ఉన్నాడు కాబట్టి దారిలో చిగుళ్లకు కొంచెం కొంచెం తేనె రాస్తూ ఉండమన్నారు. క్లినిక్‌లో చెవి అంచున సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం తీసి షుగర్ చూశారు. బాగా పడిపోయి ఉంది. ముందు కాలి మీద బొచ్చు గొరిగి, సూది పెట్టి గ్లూకోజ్ ఎక్కించారు. మాటిమాటికీ షుగర్ చూస్తూ ఆ రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు. తర్వాత కాలేయం పరీక్షలు కూడా చేశారు. దేవుడి దయవల్ల వాడు బతికి బయటపడ్డాడు.

ఇంత చిన్న చెంచాకి ఇంత ఎందుకైందో వెట్ చెప్పారు. మన శరీరం జైలిటాల్‌ని చూసి, రక్తంలో షుగర్ తగ్గించే ఇన్సులిన్‌ని పెద్దగా వదలదు. కుక్క పాంక్రియాస్ (ఇన్సులిన్ తయారుచేసే క్లోమ గ్రంథి) మాత్రం దాన్ని అసలు చక్కెరే అనుకుని ఇన్సులిన్‌ని ఒక్కసారిగా వదిలేస్తుంది. దాంతో రక్తంలో ఉన్న షుగర్ కాస్తా పడిపోతుంది, చాలాసార్లు 10 నుంచి 60 నిమిషాల్లోపే. కుక్క బరువులో కిలోకి సుమారు 0.1 గ్రాము జైలిటాల్ చాలు షుగర్ పడిపోవడానికి. కిలోకి 0.5 గ్రాము దాటితే కాలేయం దెబ్బతినే ప్రమాదం. అంటే పది కిలోల కుక్కకు ఒక్క గ్రాము చాలు. ఒక టేబుల్ స్పూన్ పీనట్ బటర్ దాదాపు 16 గ్రాములు ఉంటుంది. అందులో పదో వంతు జైలిటాల్ అనుకున్నా 1.6 గ్రాములు అయిపోయింది. రెండు మూడు కిలోల బుజ్జి కుక్కలైతే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి కొనేముందు లేబుల్ మీద ఈ పేర్లు వెతకండి: జైలిటాల్, బిర్చ్ షుగర్, వుడ్ షుగర్, ఇ967, లేదా స్వీట్‌నర్ అని రాసి పక్కన 967 అంకె. ఉత్త "షుగర్ ఆల్కహాల్" (జైలిటాల్ లాంటి స్వీట్‌నర్ల ఉమ్మడి పేరు) అని మాత్రమే ఉండి ఏ రకమో చెప్పకపోతే అది కుక్క కోసం కొనకండి. జాబితా ఫొటో పెట్టని లిస్టింగ్ అయితే అసలు ఆర్డరే పెట్టొద్దని నా సలహా. వేరుశనగ తప్ప వేరే ఏమీ లేని పీనట్ బటర్ కూడా దొరుకుతుంది, కుక్కకు పెట్టాలనుకుంటే అది చూసుకోండి. అది కూడా కొంచెమే, ఎందుకంటే కొవ్వు ఎక్కువైతే పాంక్రియాస్ వాచిపోయే జబ్బు రావచ్చు.

పీనట్ బటర్ ఒక్కటే కాదు. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ ఇంకా ఘోరం. కొన్ని రకాల్లో ఒక్క బిళ్లలోనే గ్రాము దాకా ఉంటుంది. హ్యాండ్‌బ్యాగు కింద పెట్టి మర్చిపోతాం, కుక్క మూతి పెట్టి లాగేస్తుంది. మింట్లు, నమిలే విటమిన్ మాత్రలు, మౌత్‌వాష్, మనం వాడే టూత్‌పేస్ట్‌లో కూడా ఉండొచ్చు. కుక్క పళ్లు తోమడానికి మన పేస్ట్ వాడేవాళ్లు ఈరోజే మానేయండి.

మనం ప్రేమతో పంచేవాటిలో ఇంకొన్ని కూడా ఇలాంటివే. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది, కుక్క శరీరం దాన్ని చాలా నెమ్మదిగా బయటకు పంపిస్తుంది. సగం పోవడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. మిల్క్ చాక్లెట్ కంటే డార్క్ చాక్లెట్, దానికంటే కోకో పౌడర్ ప్రమాదం. ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎంతవరకు పర్వాలేదో చెప్పే లెక్కే లేదు, ఒక కుక్కకు ఏమీ కాని మోతాదు ఇంకో కుక్కను చంపేయొచ్చు. వాటిలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికా విష నిపుణులు చెప్పారు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. వండినా, పొడి చేసినా వాటి విషం పోదు, పొడిలో ఇంకా చిక్కగా ఉంటుంది. పైగా లక్షణాలు కొన్ని రోజులకి గానీ బయటపడవు. ప్యాకెట్ సూపులు, సాస్‌లు, మసాలా చిప్స్ పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఒకవేళ మీ కుక్క జైలిటాల్ తిన్నదని అనుమానం వచ్చినా సరే, లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. వెంటనే వెట్‌కి ఫోన్ చేయండి, సీసా లేదా ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. కుక్క బరువెంత, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, ఇవి చెప్పగలిగితే వాళ్ల పని తేలికవుతుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం మాత్రం వద్దు, ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది. కడుపులోని విషాన్ని పీల్చుకోవడానికి ఇచ్చే బొగ్గు పొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ కూడా జైలిటాల్‌ని సరిగా పట్టుకోదు, కాబట్టి ఇంట్లో ఉంది కదా అని దాన్ని నమ్ముకోవద్దు. కాసేపటికి కుక్క లేచి తోక ఊపినా ఇక ఏమీ కాదులే అనుకోకండి. కాలేయం దెబ్బ ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత కూడా బయటపడుతుంది.

ఇక సెల్లర్ సంగతి. ఫిర్యాదు చేస్తే "ఇది మనుషుల కోసం తయారైన ఉత్పత్తి, లేబుల్ చూసుకోవాల్సిన బాధ్యత కొనేవాళ్లదే" అన్నారు. మరి కుక్కకు పెట్టొచ్చని జవాబు ఎందుకిచ్చారంటే దానికి సమాధానం లేదు. సీసా డబ్బులు వెనక్కి వేశారు, వైద్యం ఖర్చు గురించి మాట్లాడలేదు. ఆ తప్పుడు జవాబు చాలా రోజులు పేజీలో అలాగే ఉంది. నా దగ్గర ముందే తీసుకున్న స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి సైట్ వాళ్లకు పంపి పట్టుబడితే చివరికి తీసేశారు. మీరు కూడా సెల్లర్ ఇచ్చే ఇలాంటి జవాబులు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, సీసా పారేయకండి, వెట్ బిల్లులు దాచుకోండి. ఇంట్లో షుగర్ ఫ్రీ పీనట్ బటర్ ఉంటే ఇప్పుడే తీసి జాబితా చదవండి, 967 గానీ పైన చెప్పిన పేర్లు గానీ కనిపిస్తే కుక్కకు అందని ఎత్తులో పెట్టేయండి. ఇంట్లో పిల్లలకు, వంట మనిషికి, కుక్కను చూసుకునేవాళ్లకు కూడా చెప్పండి.